పొక్లెయిన్ తవ్వేచోట... పొంచి ఉన్న ముప్పు

వందమంది కూలీలు పలుగు, పార, తట్టలతో రోజంతా చేసే తవ్వకాన్ని పొక్లెయిన్ కొద్ది గంటల్లో ముగిస్తోంది. చెరువుల పూడికతీత, కాలువల మరమ్మతులు, తాగునీటి పైపులైన్లు, మురుగుకాల్వలు, ఇళ్ల పునాదులు... పల్లెల్లో ఏ పని చేపట్టినా ఈ యంత్రం రావాల్సిందే. పని ఎంత వేగంగా సాగుతుందో, ఆదమరిస్తే ప్రమాదమూ అంతే వేగంగా ముంచుకొస్తుంది. ఈ ముప్పు క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటర్‌కు మాత్రమే పరిమితం కాదు. చుట్టూ తిరిగే హెల్పర్లు, గుంతలో దిగిన కూలీలు, వేడుక చూడవచ్చిన పిల్లలు కూడా దాని నీడలోనే ఉంటారు.

ఫ్రాన్స్‌కు చెందిన పొక్లెయిన్ సంస్థ పేరే మన ప్రాంతంలో యంత్రానికి పేరుగా స్థిరపడింది. ముందు తొట్టి, వెనుక తవ్వే చేయి ఉండి టైర్లపై నడిచే యంత్రాన్ని జనం జేసీబీ అంటారు. అది బ్రిటన్ సంస్థ స్థాపకుడు జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ పేరులోని పొడి అక్షరాలు. యంత్రం ఏదైనా పాటించాల్సిన జాగ్రత్తలు చాలావరకు ఒక్కటే.

తవ్వేముందే తెలుసుకోవాలి

నేల కింద ఏముందో తెలియకుండా బకెట్ దించరాదు. విద్యుత్ కేబుళ్లు, తాగునీటి గొట్టాలు, టెలిఫోన్ తీగలు, గ్యాస్ పైపులైన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో సంబంధిత శాఖలను అడిగి, నేలపై సున్నంతో గుర్తు పెట్టించుకోవాలి. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్‌ను ప్రారంభించింది. గుర్తు పెట్టిన చోటికి చేరువయ్యాక యంత్రాన్ని ఆపి, పారలతో మెల్లగా మట్టి తీయించడం ఉత్తమం.

గ్యాస్ విషయంలో నిర్లక్ష్యం ఎంతమాత్రం తగదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది తవ్వకం వల్ల జరిగిన దుర్ఘటన కాకపోయినా, గ్యాస్ బయటకు వస్తే ఊరి గతి ఏమవుతుందో చూపింది. తవ్వుతుండగా గ్యాస్ వాసన వస్తే వెంటనే ఇంజన్ ఆపాలి. బీడీ, అగ్గిపుల్ల వెలిగించరాదు. గాలి వీచే వైపునకు ఎదురుగా అందరూ దూరంగా వెళ్లిపోవాలి.

తీగల కింద తిప్పలు

ఇరవై టన్నుల తరగతి పొక్లెయిన్ చేయి పూర్తిగా ఎత్తితే బకెట్ సుమారు 9 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. రోడ్లపై 11 కేవీ తీగలు సుమారు 6 మీటర్ల ఎత్తులోనే ఉంటాయి. ఈ ఒక్క లెక్క తెలిస్తే ప్రమాదం అర్థమవుతుంది. 50 కేవీ వరకు ఉన్న తీగలకు యంత్రంలోని ఏ భాగమైనా కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలన్నది విదేశాల్లోనూ పాటించే నియమం. అంతకంటే దగ్గరగా పని తప్పనిసరైతే ముందుగా విద్యుత్ సిబ్బందికి చెప్పి సరఫరా నిలిపివేయించుకోవాలి.

పొరపాటున చేయి తీగకు తగిలితే ఆపరేటర్ కిందకు దిగరాదు. క్యాబిన్‌లోనే ఉండి, వీలైతే యంత్రాన్ని వెనక్కు జరపాలి. కిందనున్నవారు దగ్గరకు రాకుండా కేకలు వేయాలి. నిప్పంటుకుని దిగక తప్పకపోతే యంత్రాన్నీ నేలనూ ఒకేసారి తాకకుండా, రెండు కాళ్లూ కలిపి దూకాలి. పాదాలు ఎడం కాకుండా చిన్నచిన్న గెంతులతో కనీసం 10 మీటర్ల దూరం పోవాలి. యంత్రం చుట్టూ నేలలోనూ విద్యుత్ పారుతుంటుంది కనుక పెద్ద అడుగు వేసినా ప్రమాదమే.

వెనుక బరువుతో జాగ్రత్త

పొక్లెయిన్ పైభాగం గుండ్రంగా తిరుగుతుంది. సమతూకం కోసం వెనుక అమర్చిన భారీ బరువు కూడా దానితోపాటే తిరుగుతుంది. యంత్రానికీ గోడకూ నడుమ, లేదా యంత్రానికీ టిప్పర్‌కూ నడుమ నిలబడినవారు నలిగిపోతారు. వెనుక, కుడి పక్కన ఏముందో ఆపరేటర్‌కు సరిగా కనిపించదు. అందుకే తిరిగే మేర చుట్టూ తాడు కట్టి ఎవరినీ రానివ్వరాదు. సైగలు చేయడానికి ఒక్కరినే నియమించాలి. ఆ వ్యక్తి కంటికి కనిపించకపోతే యంత్రం ఆగిపోవాలి. బకెట్‌లో మనుషులను ఎక్కించడం, నిండు బకెట్‌ను టిప్పర్ క్యాబిన్ మీదుగా తిప్పడం నిషిద్ధమని భావించాలి.

అంచున నిలిపితే అంతే

ఒక ఘనపు మీటరు మట్టి బరువు సుమారు ఒకటిన్నర టన్నులు. తడిస్తే ఇంకా పెరుగుతుంది. నల్లరేగడి ఎండలో బీటలు వారి, వానలో మెత్తబడి జారుతుంది. 1.5 మీటర్లకు మించి లోతున్న కందకాలకు దన్ను కట్టాలని భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 3764 నియమావళి చెబుతోంది. చోటు ఉంటే గోడలను వాలుగా తవ్వవచ్చు. వదులు మట్టిలో మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున వెడల్పు చేయడం క్షేమం. తవ్విన మట్టిని అంచున పోయరాదు. దిగినవారు వెంటనే పైకి రావడానికి నిచ్చెన ఉండాలి. యంత్రం తన కింది నేలనే తొలుచుకోకూడదు. ట్రాకులు అంచుకు అడ్డంగా కాక నిటారుగా ఉంటే, మట్టి కదిలినప్పుడు వెంటనే వెనక్కు రావచ్చు.

మట్టి కూలితే...

మనిషి మట్టిలో కూరుకుపోతే చుట్టూ ఉన్నవారికి తోచే మొదటి ఆలోచన పొక్లెయిన్‌తో తోడటం. ఆత్రుతతో చేసే ఈ పనే ప్రాణం తీయవచ్చు. బకెట్ పళ్లు కింద ఉన్న మనిషికి తగులుతాయి. యంత్రం బరువుకు, అదురుకు గోడ రెండోసారి కూలుతుంది. ముందు ఇంజన్ ఆపి, ఎందరు లోపల ఉన్నారో లెక్క తీయాలి. 108కు, అగ్నిమాపక కేంద్రానికి (101) సమాచారమివ్వాలి. గోడలకు దన్ను కట్టాకే దిగాలి. ముఖం, ఛాతీ వద్ద మట్టిని చేతులతో, చిన్న పారలతో తొలగించాలి. తల బయటే ఉన్నా ఛాతీపై మట్టి ఒత్తిడి వల్ల ఊపిరి ఆడదు. దన్ను లేకుండా దిగిన రక్షకులూ బలయ్యే ప్రమాదముంది.

పని ముగిశాక

బకెట్‌ను నేలకు ఆనించి, సేఫ్టీ లీవర్ వేసి, ఇంజన్ ఆపి, తాళం చెవి వెంట తీసుకుపోవాలి. గాలిలో వేలాడే బకెట్ కింద మరమ్మతు చేయరాదు. వాలుపై యంత్రాన్ని అడ్డంగా నడపరాదు. సీటు బెల్టు విధిగా పెట్టుకోవాలి. బోల్తా పడే సమయంలో బయటకు దూకినవారే యంత్రం కింద పడుతుంటారు.

నిర్మాణ కార్మికుల కోసం 1996లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాన్ని 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతిలో కలిపారు. ఆ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అయితే చట్టం కాగితంపై ఎంత పటిష్ఠంగా ఉన్నా, గుంత అంచున నిలిచి 'ఆపు' అని చేయెత్తే మనిషి లేకపోతే ప్రయోజనం ఉండదు. గంటకు ఇంతని అద్దె లెక్కగట్టే చోట పది నిమిషాల ఆలస్యం నష్టంగా తోచవచ్చు. కూలి కోసం దిగిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరడం కంటే అది పెద్ద నష్టమేమీ కాదు.