గోడమీది గీతకు కర్త ఎవరు?

నైరూప్య చిత్రకళ పడమటి నుంచి దిగిన సరుకని మన విమర్శకులలో కొందరూ, కళ చేరుకున్న ఆఖరి మెట్టు అదేనని మరికొందరూ వాదిస్తూ వచ్చారు. ఇప్పుడు చిత్రకారుడు కుంచెకు తోడు కెమేరా, కంప్యూటరు పట్టాడు. ఫోటో తీసి, తెరమీద పెద్దది చేసి, మనిషీ చెట్టూ పోయి గీతా రంగూ మాత్రమే మిగిలేదాకా చెరిపి, దానిని కాన్వాసు మీదికి ఎక్కిస్తున్నాడు. పనిముట్టు మారింది గనక సమస్య కూడా కొత్తదనుకోవడం పొరపాటు. బొమ్మ ఎవరికి జవాబు చెప్పుకుంటుంది, చివరకు ఎవరి ఆస్తి అవుతుంది అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు మన తూర్పు కనుమలలోనే ఒక చరిత్ర వుంది.

అరకు నుంచి ఈశాన్యంగా కొండల వరస పట్టుకుని పోతే సీతంపేట, భద్రగిరి ప్రాంతాల సవర గూడేలు వస్తాయి. ఎర్రమట్టి అలికిన ఇంటి గోడమీద బియ్యప్పిండి నీళ్లలో కలిపి, కొస చితక్కొట్టిన పుల్లతో సవరలు బొమ్మలు వేస్తూ వచ్చారు. మనిషంటే రెండు త్రికోణాలు, నాలుగు గీతలు. చుట్టూ గీసిన చట్రం చనిపోయినవారికి ఇల్లు. ఇంట్లో జబ్బు చేసినా, పంట పోయినా, ఏ పెద్ద అలిగాడో పూజారి చెపుతాడు. ఆ పెద్ద కోసం బొమ్మ వేస్తారు. వేశాక పూజారి అతన్ని పిలిచి, తృప్తి అయిందా అని అడుగుతాడు. ఏదో తక్కువైందంటే చిత్రకారుడు మళ్లీ పుల్ల పట్టవలసిందే. ఈ గోడలమీదికి ఏనుగూ గుర్రమే కాక రైలూ విమానమూ కూడా ఎక్కాయి. తమను ఏలే ప్రభుత్వపు వాహనాలను సవర తన తాతకు బహుమానంగా ఇచ్చాడన్నమాట. దీనిని కాలం తెలియని కళ అనడం అన్యాయం.

ఈ గోడల ముందుకు కెమేరా వచ్చింది. గంజాం, కోరాపుట్ కొండల సవరల మధ్య పనిచేసిన వెరియర్ ఎల్విన్ 1951లో మధ్య భారత గిరిజన కళమీద పెద్ద గ్రంథం వెలువరించాడు. 1943 బెంగాల్ కరువును కమ్యూనిస్టు పార్టీ పత్రిక కోసం ఫోటోలు తీసిన సునీల్ జానా కూడా ఎల్విన్ వెంట ఆదివాసీ ప్రాంతాలు తిరిగాడు. కరువు మనిషిని లోకం కళ్లముందు నిలబెట్టిన కెమేరాను నేను శత్రువు అనను. ఎల్విన్ శ్రమ లేకపోతే ఎన్నో బొమ్మల ఆనవాలు కూడా మిగిలేది కాదు. అయితే పుస్తకంలోకి గోడ వచ్చింది గాని, ఆ ఇంటి జబ్బూ అప్పూ, అలిగిన తాతా రాలేదు. మొక్కుబడి కాస్తా అలంకారమైంది. అలంకారమైన తరవాత దానిని కంప్యూటరులోకి ఎక్కించి చీరమీదా సంచిమీదా అచ్చువేయడానికి అడ్డేమీ లేకపోయింది.

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫోటోకు కర్త దానిని తీసిన మనిషి. 1994 సవరణ ప్రకారం కంప్యూటరు పుట్టించిన చిత్రానికి కర్త దానిని పుట్టింపజేసిన మనిషి. గోడమీది బొమ్మకు కూడా వేసినవాడే కర్తని ఆ చట్టమే అంటుంది. కాని సంతకం లేకుండా, తరతరాలుగా ఉమ్మడిగా వచ్చిన గీత కోసం ఏ సవర ఏ కోర్టు మెట్లు ఎక్కుతాడు?

భూమి విషయంలో కొండలు ఊరుకోలేదు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పాలు కాకుండా 1959లో రెగ్యులేషన్ వచ్చింది. 1970లో దానిని మరింత బిగించారు. ఈ రెండు తేదీల మధ్య 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర భూస్వాముల తుపాకులకు బలైన కోరన్న, మంగన్నలు వున్నారు. శ్రీకాకుళ గిరిజన పోరాటం వుంది. అరకు పక్కనే బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు కౌలుకివ్వరాదన్నది. నేల ఎవరిదో పోరాడి తేల్చుకున్న ప్రజలకు, ఆ నేలమీది గోడల గీత ఎవరిదో తేల్చిన శాసనం మాత్రం లేదు.

చింతపండుకూ తేనెకూ న్యాయమైన ధర కట్టాలని 1956లోనే విశాఖలో గిరిజన సహకార సంస్థ పెట్టుకున్నాం. బొమ్మకు కూడా అలాంటి లెక్క కావాలి. అచ్చయ్యే ప్రతి బొమ్మ కింద గూడెం పేరు, వేసిన మనిషి పేరు వుండాలి. అమ్మకంలో ఆ గూడేనికి వాటా వుండాలి. కంప్యూటరుతో పనిచేసే చిత్రకారుడు కొండ గీతను తీసుకోవద్దని నేను అనడం లేదు. తీసుకున్నవాడు, ఆ పూజారిలాగే, ఇచ్చినవారిని పిలిచి తృప్తి అయిందా అని అడగాలి. లేదంటే మళ్లీ పని పట్టాలి. మన తరగతి గదుల్లో చిత్రకళా చరిత్ర చెప్పేటప్పుడు ఈ ప్రశ్ననుంచే మొదలుపెట్టడం అభ్యుదయ అధ్యాపకుల కర్తవ్యం.