మనూరు మీదుగా ఎవరెస్టుకు

పిల్లాడికి లెక్కల్లో నూటికి నూరు వస్తే వాళ్ళమ్మ ఎవరెస్టు ఎక్కినంత సంబరపడిపోతుంది. మాట అలా మన ఇళ్ళల్లోకి వచ్చేసింది గానీ, ఇంతకీ యీ ఎవరెస్టు ఎవరో ఎప్పుడైనా ఆలోచించారా? జార్జ్ ఎవరెస్ట్ అనే ఇంగ్లీషు దొర. చిత్రమేమిటంటే, ఎక్కడం మాట అటుంచండి, ఆయన ఆ శిఖరాన్ని కంటితో చూసిన దాఖలా కూడా లేదు. మన తెలంగాణ అడవుల్ని మాత్రం చూశాడు. చూసి మంచాన పడ్డాడు!

మనూరు, నారాయణఖేడ్ వైపు వెళ్ళినవాళ్ళకు తెలుసు. మంజీర పారే నేల, నల్లరేగడి, జొన్నచేలు, కందిచేలు. అటు కాస్త దూరం పోతే బీదరు కోట. మంచుకొండకూ యీ నేలకూ చుట్టరికమేమిటి అంటారా? వుంది. ఆ కొండ ఎత్తు తేల్చిన లెక్కలో యీ నేల కొలత కూడా వుంది.

1802లో లాంబ్టన్ అనే దొర మద్రాసు దగ్గర నేలను కొలవడం మొదలుపెట్టాడు. పద్ధతి మనం బడిలో చదువుకున్నదే. త్రిభుజంలో ఒక భుజం పొడవూ, రెండు కోణాలూ తెలిస్తే మిగతా భుజాలు లెక్కకు వస్తాయి. ఆ భుజాల మీద ఇంకో త్రిభుజం, దానిమీద మరోటి... కొండ నుంచి కొండకు చూస్తూ దేశమంతా అల్లుకుపోవచ్చు. అయితే ఆ మొదటి భుజాన్ని మాత్రం నేలమీద చేత్తో కొలవాలి. అందులో జానెడు తప్పితే పైన అంతా తప్పే. అల్లికలో మొదటి వరస వంకరపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

కోణాలు చూసే యంత్రం అరటన్ను బరువు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి లాగుతుంటే అది కాస్తా దెబ్బతింది. లాంబ్టన్ తలుపు వేసుకు కూర్చుని, ఆరువారాలపాటు తనే దాన్ని సాపు చేసుకున్నాడట. అలాంటి మొండిమనిషి 1815లో బీదరు ప్రాంతానికి వచ్చి, గొలుసు పరిచి, ఎనిమిది మైళ్ళకు కాస్త తక్కువగా ఒక గీత కొలిచాడు. అక్కడి దామరగిద్ద అనే చోటు ఆ సర్వేకు పెద్ద మజిలీ. దాని అక్షాంశం పద్దెనిమిది డిగ్రీల మూడు నిమిషాలు. నారాయణఖేడ్‌ది ఇంచుమించు అదే. ఎవరెస్టు దొర తర్వాత రాసిన గ్రంథాల పేర్లలోనే ఆ అంకె వుంది.

ఎవరెస్టు 1818లో లాంబ్టన్‌కు సహాయకుడుగా వచ్చాడు. మొదటి పని కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో. వానాకాలపు చలిజ్వరం ఆయన్నీ, వెంట వున్న మనుషుల్నీ కలిపి పడగొట్టింది. దొరగారు ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఓడెక్కి ఆఫ్రికా కొసన వున్న కేప్‌కు వెళ్ళొచ్చారు. మోతమోసిన కూలీలకు కేప్ ఎక్కడిది!

లాంబ్టన్ 1823లో, హైదరాబాదు నుంచి నాగపూరు పోతూ దారిలో హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు. పని ఎవరెస్టు చేతికి వచ్చింది. మళ్ళీ 1841లో ఆండ్రూ వా అనే ఆయన బీదరు గీతను కొత్తగా కొలిచాడు. ఈసారి గొలుసు కాదు, ఎండకు పొడుగు మారకుండా ఇనుమూ ఇత్తడీ జతచేసిన కడ్డీలు. వందల మైళ్ళ అవతలనుంచి త్రిభుజాల మీదుగా లెక్కగట్టుకొచ్చిన పొడవుకూ, యిక్కడ నేలమీద తేలిన పొడవుకూ తేడా అంగుళాల్లోనే వుంది. వంటింట్లో పప్పు కొలిచే మనం కూడా అంత కచ్చితంగా కొలవమేమో!

ఆ త్రిభుజాల వరస డెహ్రాడూన్ దాకా పోయి, హిమాలయాల పాదాల వెంట తూర్పుకు మళ్ళింది. నేపాలు లోపలికి రానివ్వలేదు కనుక నూరుమైళ్ళకు పైగా దూరం నుంచే శిఖరాల్ని చూశారు. పదిహేనో నంబరు శిఖరమే అన్నిటికన్నా పెద్దదని లెక్క తేల్చినవాడు రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ. అది 1852. వా దొర నాలుగేళ్ళు సరిచూసుకుని, 1856లో 29,002 అడుగులని ప్రకటించాడు. 2020లో నేపాలు, చైనా కలిసి 8,848.86 మీటర్లన్నాయి. అంటే పాత లెక్కకు తేడా సుమారు ముప్ఫై అడుగులు!

పేరు పెట్టినవాడూ వానే. తన పెద్దదొర పేరు పెట్టాడు. యీ దేశస్థుల నోరు తిరగదని ఎవరెస్టే వద్దన్నాడు. మరి మనకేం, హాయిగా తిరిగింది. నిజానికి ఆయన తన పేరును "ఈవ్‌రెస్ట్" అనేవాడట. నోరు తిరగనిది ఎవరికో మీరే చెప్పండి. టిబెట్టువాళ్ళకు అది అప్పటికే చోమోలుంగ్మా. సిక్దార్ పేరు మాత్రం ఏ శిఖరానికీ అంటలేదు.

లెక్క తేలిన నూటొక్క ఏళ్ళకు, 1953 మే 29న టెన్సింగ్, హిల్లరీ పైకెక్కారు. 1975లో జపాన్ ఇల్లాలు జుంకో తబెయ్. మంచుపెళ్ళ గుడారం మీద పడితే బయటకు లాగారు, పన్నెండు రోజులకు శిఖరం మీద వుంది. మన బచేంద్రి పాల్ 1984 మే 23న ఎక్కింది. తెలుగువాళ్ళలో నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ ఎక్కాడు. 2015లో ఆండీస్ కొండలు ఆయన్ను పొట్టన పెట్టుకున్నాయి.

ఇక మన యీ చేల పక్కింటి పిల్ల దగ్గరికి వద్దాం. నారాయణఖేడ్ వున్న పాత మెదక్ జిల్లాను ఆనుకుని నిజామాబాదు జిల్లా. అందులో పాకాల అనే పల్లె. కూలి చేసుకునే గిరిజన దంపతుల కూతురు మాలావత్ పూర్ణ. సర్కారు గురుకులంలో చదువు. ఆ బడుల కార్యదర్శి ప్రవీణ్ కుమార్ పిల్లల్ని కొండలెక్కించాలనుకున్నారు, శేఖర్ బాబు నేర్పారు. మొదట భువనగిరి గుట్ట. ఒకే రాయి, పట్టుకోవడానికి ఏమీ వుండదు. ఆడపిల్లను అలాంటి రాతి మీదికి పంపమంటే మనలో ఎందరం సరేనంటామో, గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పండి! నేనైతే ముందు జ్వరం వచ్చిందని బడికి ఉత్తరం రాసేదాన్ని. తర్వాత డార్జిలింగు, లడాఖ్.

నేపాలు వైపునుంచి పదహారు నిండనిదే ఎక్కనివ్వరు. అందుకని టిబెట్టు వైపునుంచి బయలుదేరారు. 2014 మే 25న, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఎక్కిన రోజునే, పూర్ణ శిఖరం మీద నిలబడింది. అప్పటికి దానికి 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో అక్కడికి ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. 2022 జూన్‌లో అమెరికాలోని దెనాలీ కూడా ఎక్కి ఏడు ఖండాలూ పూర్తిచేసింది.