జ్ఞాపకాల నెమరు జబ్బు కాదు

వయసు మళ్ళినవారు గడచిన రోజులను పదేపదే చెప్పుకుంటే ‘చాదస్తం’ అని మనం తేలికగా కొట్టివేస్తాం. ఒకప్పుడు వైద్యుల అభిప్రాయమూ దాదాపు ఇదే. గతాన్ని తలపోయడం మెదడు సడలుతున్నదనడానికి సూచన అని చాలామంది భావించేవారు. ఈ భావన ఎలా మారిందో మీరు తెలుసుకోవాలి.

1950లో ఎరిక్ ఎరిక్‌సన్ మానవ జీవితాన్ని 8 దశలుగా వివరించాడు. చివరి దశలో మనిషి తన జీవితాన్ని ఉన్నదున్నట్లుగా అంగీకరించి నిండుదనం పొందుతాడు. లేదా దిద్దుకునే వ్యవధి లేదన్న నిరాశకు లోనవుతాడు.

1963లో అమెరికన్ మనోవైద్యుడు రాబర్ట్ బట్లర్ మరొక అడుగు వేశాడు. మరణం దగ్గరపడుతున్నదన్న ఎరుకతో పాత అనుభవాలు, తెగని చిక్కులు మనసులో పైకి రావడం సహజమని చెప్పి, దానికి ‘జీవిత సమీక్ష’ అని పేరు పెట్టాడు. అది కొందరికి శాంతినిస్తుందనీ, కొందరిని అపరాధభావంలోకి, కుంగుబాటులోకి నెట్టవచ్చుననీ హెచ్చరించాడు.

ఇది వృద్ధులకే పరిమితం కాదు. 1986లో జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ కళాశాల విద్యార్థులచేత రోజుకు 15 నిమిషాల చొప్పున వరుసగా 4 రోజులు వ్రాయించారు. తమను కలచివేసిన సంఘటనలను, వాటి వెంట కలిగిన భావాలను కలిపి వ్రాసినవారు అప్పటికి బాధపడినా, తరువాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు.

2001లో డాన్ మెక్ఆడమ్స్ బృందం విద్యార్థుల, నడివయసువారి జీవితకథలను పరిశీలించింది. కష్టంలోనుండి ఏదో ఒక మేలు పుట్టినట్లు చెప్పుకున్నవారిలో మానసిక క్షేమం ఎక్కువగా కనిపించింది. అయితే అటువంటి కథనమే క్షేమానికి కారణమని దీనినిబట్టి తేల్చలేము. కనుక బాధలో ఉన్నవారిని ‘మంచినే తలచుకో’ అని బలవంతపెట్టకండి.

మీ ఇంటి పెద్దలు పాత ముచ్చట మొదలుపెడితే, ‘విన్నదే కదా’ అనకండి. ‘అప్పుడు మీకేమనిపించింది?’ అని అడగండి. ఇటీవలి విషయాలు మరచి అడిగిందే అడుగుతుంటే మాత్రం జ్ఞాపకశక్తిని పరీక్ష చేయించండి. కథ అంతా ఆత్మనిందగా మారి, నిద్రాహారాలు తగ్గి, బ్రతుకు మీద విరక్తి వినిపిస్తే జాగు చేయక వైద్యుని సంప్రదించండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మందుచీటీ వ్రాయడం వైద్యుని పని. ఓపికగా వినడం మీరూ చేయగల పని.