బ్యాంకు మీద అపనమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

2018 ఏప్రిల్ నెలలో తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో ఏటీఎంలు ఖాళీ అయిపోయాయి. అప్పుడు అక్కడ ఏ పెద్ద బ్యాంకూ దివాళా తీయలేదు. వరద రాలేదు, యుద్ధం రాలేదు. అయినా జనం ఒక ఏటీఎం నుంచి ఇంకో ఏటీఎంకి తిరిగారు. చాలా చోట్ల "నో క్యాష్" బోర్డులే కనిపించాయి. కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాల్లో కూడా ఇదే గొడవ. కొన్ని ప్రాంతాల్లో నగదుకి హఠాత్తుగా, మామూలు కంటే ఎక్కువగా గిరాకీ పెరిగిందని అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ చెప్పారు. తమ దగ్గర నోట్లకు కొరత లేదని రిజర్వు బ్యాంకు చెప్పింది. నోట్లకు కొరత లేకపోతే ఏటీఎంలు ఎందుకు ఖాళీ అయ్యాయి?

కారణాలు ఒకటి కాదు. పంటలు కొనే కాలం అది. పెద్ద నోట్లు బయటికి వెళ్తున్నాయి గాని తిరిగి బ్యాంకుకి సరిగ్గా రావట్లేదు. వీటితో పాటు భయం కూడా ఉంది. 2017 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ఒక బిల్లు పెట్టింది. దాన్ని ఎఫ్‌ఆర్‌డీఐ బిల్లు అన్నారు. బ్యాంకు మునిగిపోయే పరిస్థితి వస్తే, దాన్ని నిలబెట్టడానికి దాంట్లో దాచుకున్న వాళ్ల డబ్బులో కొంత వాడుకునే వీలు కల్పించే నిబంధన ఒకటి అందులో ఉంది. ఇన్సూరెన్స్ ఉన్న డిపాజిట్ల జోలికి పోమని ప్రభుత్వం చెప్పింది. కానీ వాట్సాప్‌లో ఆ మాట తిరగలేదు. "మన డబ్బు బ్యాంకు వాళ్లు తీసేసుకుంటారంట" అన్న మాట తిరిగింది. 2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. 2018 ఫిబ్రవరిలో నీరవ్ మోదీ వ్యవహారంలో పంజాబ్ నేషనల్ బ్యాంకుకి వేల కోట్ల నష్టం అని పేపర్లలో వచ్చింది. చివరికి ఆ ఏడాది ఆగస్టులో బిల్లుని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది.

జనానికి చదువు లేక పుకార్లు నమ్ముతారు అని చాలామంది అంటారు. నాకు అలా అనిపించలేదు. హైదరాబాదు చరిత్ర కొంచెం వెనక్కి తిప్పి చూస్తే, వాళ్ల భయం వెనుక పాత అనుభవాలు ఉన్నాయని తెలుస్తుంది.

2001లో హైదరాబాదులో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలిపోయింది. తర్వాత ఒకటి రెండు ఏళ్లలోనే చార్మినార్ కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు, ప్రుడెన్షియల్ కోఆపరేటివ్ బ్యాంకు కూడా దెబ్బతిన్నాయి. వీటిలో దాచుకున్న వాళ్లలో చిన్న వ్యాపారులు, పెన్షన్ మీద బతికేవాళ్లు ఎక్కువ. వడ్డీ కాస్త ఎక్కువ ఇస్తారని వేశారు. మూసిన షట్టర్ల ముందు పాస్‌బుక్కులు పట్టుకొని నిలబడాల్సి వచ్చింది.

అవి చిన్న బ్యాంకులు కదా, పెద్ద బ్యాంకుకి ఏం కాదులే అనుకున్నవాళ్లకి 2004లో ఇంకో దెబ్బ. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు 1994లో సికింద్రాబాదు కేంద్రంగా మొదలైంది. అంతకు ముందు వైశ్యా బ్యాంకుని నడిపి మంచి పేరు తెచ్చుకున్న రమేష్ గెల్లి దీన్ని పెట్టారు. కొత్త తరం ప్రైవేటు బ్యాంకు, ఏసీ బ్రాంచీలు, కంప్యూటర్లు. దాని షేర్ల కోసం జనం ఎగబడ్డారు. కానీ ఆ బ్యాంకు షేర్ మార్కెట్ వ్యాపారులకు పెద్ద పెద్ద అప్పులు ఇచ్చింది. వాళ్లలో కేతన్ పారేఖ్ ఒకరు. 2001లో మార్కెట్ పడిపోయేసరికి ఆ అప్పులు తిరిగి రాలేదు.

ఇక్కడ నన్ను బాగా ఆపిన సంగతి ఒకటుంది. 2002 మార్చి నాటికి తన ఆస్తులు అప్పుల కంటే వందల కోట్లు ఎక్కువగా ఉన్నాయని బ్యాంకు లెక్క చూపించింది. ఆడిటర్లు సరే అని సంతకం పెట్టారు. రిజర్వు బ్యాంకు వచ్చి తనిఖీ చేస్తే, అసలు మిగులే లేదు, లోటు ఉందని తేలింది. ఆడిటర్ సంతకం చేసిన లెక్కే అలా ఉంటే, మామూలు మనిషి బ్యాంకు బాగుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

2004 జులై 24, శనివారం. ఆ బ్యాంకు లావాదేవీలను మూడు నెలల పాటు ఆపేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఒక్కొక్కరు 10,000 రూపాయలు మాత్రమే తీసుకోవచ్చు. పెళ్లికని దాచినా అంతే, ఆపరేషన్‌కని దాచినా అంతే. సోమవారం, అంటే 26న, ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో దీన్ని కలిపేస్తామని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఆగస్టు 14న కలిపేశారు. డబ్బు దాచుకున్న వాళ్లకి మొత్తం దక్కింది, షేర్లు కొన్నవాళ్లకి మాత్రం ఏమీ రాలేదు. ప్రభుత్వం త్వరగానే కదిలింది, ఒప్పుకోవాలి. కానీ ఆ మూడు వారాలు నిద్రపోని వాళ్లకి గుర్తుండేది చివర్లో డబ్బు వచ్చిందని కాదు, ఒక శనివారం తమ డబ్బు తమకి దొరకలేదని.

మనం బ్యాంకులో వేసిన డబ్బు బీరువాలో మన పేరు రాసి పెట్టరు. అందులో కొంచెం మాత్రం నగదుగా ఉంచుకొని, మిగతాది ఇళ్లకి, ఫ్యాక్టరీలకి, రైతులకి అప్పు ఇస్తారు. ఇంటి అప్పు ఇరవై ఏళ్లకి తీరుతుంది. మనం డిపాజిట్ రేపే అడగొచ్చు. అందరూ ఒకే రోజు అడగరు అన్న నమ్మకం మీదే బ్యాంకు నడుస్తుంది. అందుకే బాగున్న బ్యాంకు ముందు కూడా పెద్ద బారు కడితే దానికి కష్టం వస్తుంది. బారులో నిలబడ్డవాడు తెలివితక్కువవాడు కూడా కాదు. పక్కవాళ్లంతా తీసేసుకుంటుంటే చివరికి మిగిలేవాడికి ఏమీ ఉండదని వాడికి తెలుసు.

అమెరికాలో 1930ల మొదట్లో ఇదే జరిగి వేల బ్యాంకులు మూతపడ్డాయి. 1933 మార్చిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశంలో బ్యాంకులన్నీ కొన్నాళ్లు మూయించాడు. రేడియోలో జనానికి బ్యాంకు ఎలా నడుస్తుందో మామూలు మాటల్లో వివరించాడు. బ్యాంకులు మళ్లీ తెరిచినప్పుడు జనం తీసుకోవడానికి కాదు, తిరిగి వేయడానికి వచ్చారు. ఆ ఏడాదే అక్కడ డిపాజిట్ ఇన్సూరెన్స్ చట్టం వచ్చింది.

మన దేశానికి ఆ చట్టం రావడానికి ఇంకో దెబ్బ తగలాల్సి వచ్చింది. 1960లో లక్ష్మీ బ్యాంకు, అదే ఏడాది ఆగస్టులో కేరళలోని పాలై సెంట్రల్ బ్యాంకు పడిపోయాయి. పాలై బ్యాంకు కేరళలో చాలా పెద్దది. దాని మీద ఆధారపడ్డ కుటుంబాలు ఎన్నో. పార్లమెంటులో గొడవ అయ్యింది. 1961లో చట్టం చేశారు, 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకు ఇన్సూరెన్స్ మొదలైంది. అప్పట్లో హామీ 1,500 రూపాయలు. పెంచుకుంటూ పోయి 1993లో లక్ష చేశారు. ఆ లక్ష దగ్గరే ఇరవై ఆరేళ్లకి పైగా ఆగిపోయింది. ఆ ఇరవై ఆరేళ్లలో బియ్యం ధర ఎంత పెరిగిందో అమ్మలని అడిగితే చెప్తారు.

దాన్ని కదిలించింది మన మహారాష్ట్రలో జరిగిన సంగతే. 2019 సెప్టెంబర్‌లో ముంబైలోని పంజాబ్ అండ్ మహారాష్ట్ర కోఆపరేటివ్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టింది. మొదట ఒక్కొక్కరికి 1,000 రూపాయలే. తర్వాత 10,000, తర్వాత 25,000, అలా పెంచారు. ఆ బ్యాంకు ఇచ్చిన అప్పుల్లో చాలా భాగం ఒకే ఒక్క కట్టడాల కంపెనీకి, హెచ్‌డీఐఎల్ గ్రూపుకి పోయింది. అది కనిపించకుండా వేలల్లో దొంగ ఖాతాలు సృష్టించారు. బయట బ్రాంచీల ముందు ముసలివాళ్లు ఏడుస్తున్న దృశ్యాలు టీవీలో చూపించారు. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఇన్సూరెన్స్ 5 లక్షలైంది. బ్యాంకు మీద ఇలాంటి ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఆ డబ్బు ఇవ్వాలని 2021లో చట్టం మార్చారు. బారులో నిలబడి ఏడ్చినవాళ్లు లేకపోతే ఈ మార్పు వచ్చేదని నేను అనుకోను.

ఇక మన మాజ్రి. ఇక్కడ మన తెలుగువాళ్లలో చాలామంది బొగ్గు గనుల పని కోసం కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, మనవలు. మా నానమ్మ ఇప్పటికీ కొంత డబ్బు బియ్యం డబ్బాలో దాస్తుంది. కొందరు చిట్టీలు వేస్తారు. కొందరు వడ్డీ ఎక్కువ అని పత్‌సంస్థల్లో వేస్తారు. చాలామందికి తెలియని విషయం ఏంటంటే, రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న కోఆపరేటివ్ బ్యాంకుకి ఇన్సూరెన్స్ ఉంటుంది గాని, పత్‌సంస్థకి ఉండదు. బోర్డు మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. చిట్టీకి అసలే ఉండదు, బియ్యం డబ్బా సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకోటి. 5 లక్షల హామీ ఒక మనిషికి ఒక బ్యాంకులో, వడ్డీతో కలిపి. అదే బ్యాంకు మాజ్రి బ్రాంచిలో కొంత, చంద్రపూర్ బ్రాంచిలో కొంత వేసినా రెండూ కలిపే లెక్క కడతారు. వేరే బ్యాంకులో వేస్తే వేరే లెక్క.

గనిలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషికి గ్రాట్యుటీయే 20 లక్షల దాకా రావచ్చు, ప్రావిడెంట్ ఫండ్ వేరే. అదంతా సాధారణంగా ఒకే బ్యాంకులో ఒకే ఖాతాలోకి వచ్చి పడుతుంది. ఈ లెక్కలన్నీ ఇంట్లో చదివి వినిపిస్తే నానమ్మ ఒక్కటే అడిగింది: "ఐదు లక్షలకి సర్కారు పూచీ అంటివి. మిగతా పదిహేనుకి ఎవరంట్రా?"