ఓరుగంటి వీథిలో జంటపాట



ఓరుగంటి కోటకు వెలుపల మట్టెవాడ యనునది బహుకాలపు పేట. అటువంటి పేటల చరిత్ర చెప్పవలసివచ్చినపుడు పండితులు శాసనములతో ప్రారంభించుట వాడుక. నేను పాటతో ప్రారంభించుచున్నాను. శాసనము వేయించినవాడు ధాన్యమో భూమియో దానమీయగలిగినవాడు. వీథిలో నిలిచి పాడినవాడు ఆ పూట గింజలకై పాడినవాడు. వాని సంగతి రాతిపై వెదకిన దొరకదు.

అదృష్టవశమున నొక గ్రంథమున దొరకుచున్నది. క్రీడాభిరామమను వీథిరూపకమును మీలో కొందరు చదివియుందురు. రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామము దీనికి మూలము. తెనుగు చేసినది వినుకొండ వల్లభరాయడని కొందరును, శ్రీనాథుడని వేటూరి ప్రభాకరశాస్త్రిగారును చెప్పిరి. ఆ తగవులోనికి నేడు మనము పోనక్కరలేదు. మానవల్లి రామకృష్ణకవిగారు దీనిని 1909లో ప్రకటించి మనకు మహోపకారము చేసిరి. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి యను నిరువురు మిత్రులు ఒక్క దినములో ఓరుగల్లంతయు తిరిగి, కన్నది కన్నట్లు చెప్పుకొనుట యిందలి కథ. ఆ తిరుగుటలో వారికి పాటలు వినవచ్చినవి. ఒకత ద్రుతతాళమున వాద్యము మ్రోయించుచు పలనాటి వీరులను ద్విపదలో పాడినది. వినుచున్న కుర్రవాండ్రు ఆవేశము పట్టలేక తూలిపోయిరట. జక్కుల స్త్రీ యొకతె కామవల్లి కథ పాడుచు వచ్చినది. ఏకవీరాదేవి యెదుట బవనీలవాడొకడు పరశురాముని కథ పాడెను.

ఇందొక విశేషము గమనింపుడు. పలనాటి యుద్ధము 12వ శతాబ్దపు మాట. ఆమె పాడునాటికి దానికి సుమారు రెండు వందల యేండ్లు నిండినవి. అనగా ఆమె పాడినది అప్పటికే పాతపాట, పూర్వుల సొత్తు. కాని కుర్రవాండ్రు తూలినది పాతపాటకా, ఆమె పాడిన తీరునకా? నా మట్టుకు నాకు రెండవదే నిజమనిపించును.

బవనీలవారు నేటి బైండ్లవారికి పూర్వులని పండితులు కొందరి యభిప్రాయము. బైండ్లవారు రేణుక యెల్లమ్మ కథ చెప్పుదురు. పరశురాముడు రేణుక కుమారుడే గనుక కథ మారలేదనుకొనవచ్చును. వారి వాద్యమైన జమిడికను మీరందరు చూచియే యుందురు. గొట్టమువంటి పొట్టకు ఒక ప్రక్క తోలు మూసియుండును, రెండవ ప్రక్క తెరపి. తోలు నడుమనుండి నరము తంత్రి వచ్చును. పొట్టను చంకనిరికించుకొని, తంత్రి కొనను ఒక చేత బిగబట్టి, రెండవ చేతి పుల్లతో మీటుదురు. బిగించిన స్వరము పైకి లేచును, సడలించిన దిగును. వీణమీదివలె మెట్లు లేవు. ఒక స్వరమునుండి వేరొక స్వరమునకు జారుటయే గాని దుముకుట లేదు. దుఃఖములో మనుష్యుని గొంతు జారునట్లే యది జారును. తల్లి తల తెగిన కథకు అంతకంటె తగిన వాద్యమేది? కథకుడు చరణము విడిచిన చోట తోడివాడు వంత అందుకొనును. ఆ సందులో కథకుడు ఊపిరి తీసికొని తరువాతి మాట తలచుకొనును. వంతపాటకాడు లేనిదే కథ నిలువదు. అయినను ఊరివారు పేరు చెప్పునది కథకునిదే. ఇది పాత అన్యాయము.

శారదకాండ్రది వేరు మార్గము. తంబురవంటి శారదను భుజమున నానించి మీటుచు, వ్రేళ్లకు తొడిగిన అందెలతో తాళము వేయుచు కథకుడు పాడును. ప్రక్కన డక్కీలు వాయించుచు ఒకరో యిద్దరో వంత పట్టుదురు. వారి కథలలో ఓరుగంటివారికి సొంతమైనది సర్వాయి పాపని కథ. ఇక్కడ నొకింత నిలువవలసియున్నది.

పాపడు గీతకులమునకు చెందినవాడు. తాటిచెట్టు విడిచి కత్తి పట్టి, మూకలను చేర్చి, షాపురమున కోట కట్టెను. 1708లో, నగరవాసులు పీరుల పండుగ సన్నాహములో నుండగా, ఓరుగంటిపై బడి దోచెను. ధనమేగాక వేలకొలది జనమును చెరపట్టెనని ఖాఫీఖాను తన పారసీక చరిత్రలో వ్రాసెను. మరుసటి యేట హైదరాబాదునకు వచ్చిన బహదూర్షా పాదుషా పాపని కానుకలు గైకొని మన్నించెను. జనులు మొరపెట్టుకొనగా ఆ మన్నన నిలువలేదు. 1710లో పాపడు పట్టుబడి చంపబడెను. చరిత్రకారునికి వాడు బందిపోటు. శారదకాని పాటలో వాడు వీరుడు. ఈ పాటలో కొంత భాగమును బాయిల్ అను ఆంగ్లేయుడు 1874లో ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో ప్రకటించెను గనుక, ఇది నిన్న మొన్న కల్పించినది కాదు.

దోపుడుపోయిన పట్టణము మనదే. చెరపోయినవారు మన పట్టణపు బిడ్డలే. అట్లయ్యును మన వాకిటనే వానిని కీర్తించిన పాటకు మనమే చేటతో గింజలు పోసితిమి. ఇందేది నిజము? చెరపోయిన బిడ్డల తల్లుల పాట ఒక్కటియు మనకు దక్కలేదు. కల్లు గీసినవాడు గోలకొండ పాలకులకు ఎదురు నిలిచెనన్న సంతోషమే దక్కినది. అణగియున్నవారికి ఆ సంతోషము ఎంత అవసరమై యుండెనో పాట చెప్పుచున్నది. దానికి వెల యెవరిచ్చిరో ఖాఫీఖాను చెప్పుచున్నాడు. రెంటిని కలిపి చదువవలెనని నా మనవి.

ఇట్టి పాటలు మనకే కలవనుకొనరాదు. అమెరికా దేశపు దక్షిణ భాగమున, మన నల్లరేగడివలె ప్రత్తి పండు నేలలలో, బానిసత్వము 1865లో తొలగిన తరువాత నల్లజాతివారి నడుమ బ్లూస్ అను పాట పుట్టెను. ఒక చరణము చెప్పి, దానినే మరల చెప్పి, మూడవ దానితో జవాబిచ్చుట దాని సామాన్య లక్షణము. వారును స్వరమును జార్చుదురు. సీసా మెడను వ్రేలికి తొడిగి గిటారు తంత్రిపై నడపుదురు. మామీ స్మిత్ అను గాయని 1920లో అట్టి పాటను రికార్డునకు పాడిన పిమ్మట అది లోకమంతట ప్రాకెను.

ఆ పాట పాడిన జంటలలో సన్నీ టెర్రీ, బ్రౌనీ మెగీ ప్రసిద్ధులు. టెర్రీ బాల్యములోను యౌవనారంభములోను జరిగిన ప్రమాదములచే రెండు కన్నులు పోగొట్టుకొనెను. మెగీ చిన్ననాటి పోలియో జాడ్యముచే కుంటివాడు. మన శాస్త్రములలోని అంధపంగు న్యాయము వీరియందు అక్షరాలా నడచినది. గ్రుడ్డివాడు మౌతార్గన్ ఊదుచు, కుంటివాడు గిటారు మీటుచు, పూర్వుల పాటలను తమ పాటలను కలిపి ముప్పదియేండ్లకు పైగా పాడిరి. చివరి కాలమున ఇద్దరికి మాటలు లేవట! అయినను వేదికపై ఒకరి చరణమునకు మరియొకరు జవాబిచ్చుచునే యుండిరి. మనయూళ్లలో భాగము పంపకమున కలహించి, కథరాత్రి మాత్రము కలిసి వంత పట్టిన అన్నదమ్ములు మీకు జ్ఞప్తికి వచ్చియుందురు.

క్రొత్తపాట కట్టుటయు మనవారికి క్రొత్తకాదు. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున జరిగిన రైతుల పోరాటమున సుద్దాల హనుమంతుగారు మొదలగువారు గొల్లసుద్దులవంటి పాత మట్టులలోనే నాటి వెట్టిని, దొరతనమును నింపి పాడిరి. వినువారికి మట్టు పరిచితమగుటచే మాట సులువుగా నెక్కెను. క్రొత్త రాగములో పాడియుండిన అంత త్వరగా ఊరూర వ్యాపించెడిది కాదు.

ఇక వీరి బ్రదుకు సంగతి. ఆశ్రిత గాయకులలో పలువురికి ఫలానా కులమువారు, ఫలానా ఊళ్లు అని మిరాశీ హక్కు కలదు. కల్లము దినములలో వచ్చి, పాడి, గింజలు కొలిపించుకొని పోవుట వారి హక్కేగాని బిచ్చము కాదు. కల్లములు యంత్రములకు పోయినవి, కొలతలు రూపాయలైనవి, రాత్రులు చలనచిత్రములకును తెరపెట్టెలకును పోయినవి. కథకుని కుమారుడు పట్టణమున కూలికి పోయినపుడు వంతకు మనిషి కరవగును. ఒంటివాడు జంటకథ చెప్పలేడు. మీ యూరికి వచ్చిన వారెవరైనను మిగిలియున్నచో, ఒక రాత్రి కథయంతయు చెప్పించి వ్రాయించుడు. కథకుని పేరుతోపాటు వంతపాటకాని పేరును కూడ వ్రాయుడు. క్రీడాభిరామ కవి బవనీలవానిని చక్రవర్తియని మెచ్చెను గాని, వాని ప్రక్క నిలిచి వంత పట్టినదెవరో చెప్పలేదు.