గీత అవతలి కుర్రాడు

1962 వసంతం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, బ్లూమింగ్టన్ ఊరు. పదో వీధి స్టేడియంలో 33 సైకిళ్లు బారులు తీరాయి. వరుసకు మూడు చొప్పున పదకొండు వరుసలు. కింద పరిచింది మట్టి కాదు, కాల్చిన బొగ్గు చిట్టెం. దాని మీద చక్రం జారితే మోకాలు చెక్కుకుపోవడంతో సరిపోదు. నల్లటి రవ్వలు చర్మంలోకి దిగబడతాయి. బ్రష్షుతో రుద్ది కడిగినా కొన్ని లోపలే ఉండిపోతాయి.

ట్రాక్ అంచున గీతలు గీసి ఒక్కో జట్టుకు కొంత జాగా ఇచ్చారు. ఫై కప్పా సై అనే విద్యార్థి సంఘం జట్టు తన జాగాలో కాచుకుని ఉంది. ఆ గుంపులో ఒక అదనపు ఆటగాడు. నలుగురిలో ఎవరికైనా ఏదైనా అయితే తప్ప అతని వంతు రాదు. కుస్తీ స్కాలర్‌షిప్ మీద ఇండియానా యూనివర్సిటీకి వచ్చినవాడు. పేరు స్టీవ్ టెసిచ్. ఆ పేరు అమెరికా వచ్చాక అమరింది. పుట్టినప్పుడు స్టోయన్. సొంతూరు యుగోస్లావియాలోని ఉజిట్సె. 14 ఏళ్ల వయసులో, ఇంగ్లీషు ముక్క రాకుండా, తల్లితో, తోబుట్టువుతో కలిసి ఉక్కు కర్మాగారాల ఊరైన ఈస్ట్ చికాగోలో దిగాడు. అతని తండ్రి పోయిందీ ఈ 1962లోనే.

జెండా ఊపారు. సైకిళ్లు కదిలాయి.

ఈ పందెం లెక్క చెబితే గానీ ఆ రోజు జరిగిందేమిటో అర్థం కాదు. ట్రాక్ చుట్టూ ఒకసారి తిరిగితే పావు మైలు, అంటే 400 మీటర్లు. అలా 200 చుట్లు. మొత్తం 50 మైళ్లు, 80 కిలోమీటర్లు. బ్లూమింగ్టన్ నుంచి ఇండియానాపొలిస్‌కు రోడ్డు మీద వెళ్లినా ఇంచుమించు అంతే దూరం. ఆ దూరాన్ని ఒక గుండ్రటి దారిలో, ఒకే గ్యాలరీ ముందు రెండు గంటల పైచిలుకు తొక్కాలి. జట్టుకు నలుగురు. సైకిలు మాత్రం ఒక్కటే చేతులు మారుతుంది. దానికి గేర్లుండవు, చేతి బ్రేకులుండవు. పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. సీటు ఎత్తు పందెం మధ్యలో మార్చుకునే తీరిక ఎవరికీ ఉండదు. పొడుగాటివాడికి కుదిరిన సీటు మీదే పొట్టివాడూ వేళ్ల కొసలతో తొక్కాలి.

అసలు విద్య సైకిలు మార్చుకోవడంలో ఉంది. అలసిన కుర్రాడు వేగం పూర్తిగా తగ్గించకుండానే గీత దగ్గరికొస్తాడు. ఒక కాలు అప్పటికే ఇవతలికి తిప్పేసి, ఒకే పెడల్ మీద నిలబడి ఉంటాడు. వంతు వచ్చినవాడు పక్కనే పరుగందుకుంటాడు. ఒకడి చెయ్యి హ్యాండిల్ వదిలే క్షణానికి రెండోవాడి చెయ్యి పడాలి. ఇతను దూకుతాడు, అతను ఎగిరి సీటు మీద పడతాడు. దిగినవాడు వెనకొచ్చే సైకిళ్ల కింద పడకుండా గీత లోపలికి దొర్లిపోవాలి. ఒక్క అడుగు తడబడినా, అంతకుముందు పది చుట్లలో సంపాదించిన దూరం అక్కడే కరిగిపోతుంది. గెలుపోటములు తేలేది చాలాసార్లు అక్కడే. గ్యాలరీ ఊపిరి బిగబట్టేదీ అక్కడే.

ఆ రోజు ఫై కప్పా సై సైకిలు మీద ఎక్కువసేపు కనిపించిన వీపు డేవ్ బ్లేజ్‌ది. ఇతనికి ఇటలీ పిచ్చి. అప్పట్లో అమెరికా కాలేజీ కుర్రాళ్లకు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ హీరోలుంటే, ఇతని హీరోలు సముద్రం అవతల ఇటలీ కొండల మీద సైకిళ్లు తొక్కేవాళ్లు. ఇండియానా మొక్కజొన్న చేల మధ్య పెరిగిన కుర్రకారులో ఇలాంటివాడు ఎంత వింతగా కనిపించి ఉంటాడో మనం ఊహించుకోవచ్చు.

బ్లేజ్ తొక్కాడు. దిగాడు. మళ్లీ ఎక్కాడు. చుట్లు ఇరవై, యాభై, వంద. మధ్యలో మిగతా ముగ్గురూ తలో కాసిన్ని చుట్లు పంచుకున్నారు. సైకిలు మళ్లీ బ్లేజ్ చేతికే వచ్చింది. 200 చుట్లలో అతనొక్కడే తొక్కినవి 139. సుమారు 56 కిలోమీటర్లు. తక్కిన ముగ్గురికీ కలిపి మిగిలినవి 61. చివరి చుట్టూ అతనిదే. గెలుపు గీత ముందుగా దాటింది అతని ముందు చక్రమే.

గీత అవతల నిలబడ్డ టెసిచ్ ఇదంతా చూశాడు. తర్వాత వాళ్లిద్దరికీ స్నేహం కుదిరింది.

కాస్త వెనక్కి వెళదాం. ఈ పందేన్ని పుట్టించినవాడు హోవర్డ్ విల్‌కాక్స్ జూనియర్. అందరూ హౌడీ అనేవారు. తండ్రిదీ అదే పేరు. ఆ తండ్రి 1919లో ఇండియానాపొలిస్ 500 కార్ల పందెం గెలిచిన మొనగాడు. కొడుకు ఇండియానా యూనివర్సిటీ ఫౌండేషన్‌లో పెద్ద అధికారి. పని చేసుకుంటూ చదువుకునే పిల్లలకు స్కాలర్‌షిప్పుల కోసం డబ్బు సమకూర్చే మార్గాలు వెతుకుతున్నాడు. ఒకరోజు హాస్టలు చుట్టూ కుర్రాళ్లు సైకిళ్లతో పందెం వేసుకుంటుంటే, కిటికీల్లోంచి అమ్మాయిలు కేకలేసి హుషారెక్కించడం అతని కంటబడింది. తండ్రి కారుతో చేసిన పని వీళ్ల చేత సైకిలుతో చేయిస్తే? 1951లో 'లిటిల్ 500' మొదలైంది. 33 బళ్లు, వరుసకు మూడు, 200 చుట్లు అన్నవన్నీ కార్ల పందెం నుంచి తెచ్చినవే. క్రమంగా ఆ వారాంతం ఊరికంతటికీ తిరునాళ్లయింది. ప్రపంచంలోకెల్లా గొప్ప కాలేజీ వారాంతం అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. ఇలాంటి బిరుదులు ఎవరికి వాళ్లే ఇచ్చుకోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్నదే.

హౌడీ చూసిన దృశ్యంలో ఒక సంగతి మరచిపోకండి. అమ్మాయిలు కిటికీల్లోనే ఉన్నారు.

టెసిచ్ చదువు ముగించి న్యూయార్క్ వెళ్లాడు. కొలంబియా యూనివర్సిటీలో రష్యన్ సాహిత్యం చదివి, ఆ దారిలోనే ముందుకు వెళ్లి ప్రొఫెసర్ కావలసినవాడు నాటకాల వైపు మళ్లాడు. బ్లూమింగ్టన్ మాత్రం అతన్ని వదల్లేదు. రెండు వేర్వేరు స్క్రిప్టులు రాసుకున్నాడు. ఒకటి ఇటలీ పిచ్చి పట్టిన సైకిలు కుర్రాడిది. రెండోది ఊళ్లో రాయి కోసేవాళ్ల పిల్లలది. ఈ రెండూ ఒకే కథ అని దర్శకుడు పీటర్ యేట్స్‌కు అనిపించింది. కలపమన్నాడు.

రాయి సంగతి చెప్పకపోతే ఆ ఊరి సంగతి చెప్పినట్టు కాదు. బ్లూమింగ్టన్ చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. మన తాండూరు, బేతంచెర్ల నాపరాయిదీ ఆ జాతే. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి తొడిగిన రాయి ఇండియానా గనులదే. యూనివర్సిటీ భవనాలకు వాడిందీ అదే రాయి. రాయి కోసినవాళ్ల పిల్లలు మాత్రం ఆ భవనాల ముందు నుంచి నడిచి వెళ్లేవాళ్లే గానీ, వాటిలో చదివేవాళ్లు తక్కువ. తవ్వి వదిలేసిన గనుల్లో నీళ్లు నిండితే అవే వాళ్ల ఈత కొలనులు. శ్రమ ఒకరిది, గేటు ఇంకొకరిది. ఉక్కు ఊళ్లో పెరిగిన వలస కుర్రాడికి ఈ తేడా పట్టుకోవడానికి పెద్దగా కష్టపడాల్సిన పని లేదు.

ఆ రెండు స్క్రిప్టులూ కలిసి 1979లో 'బ్రేకింగ్ అవే' అనే సినిమాగా విడుదలయ్యాయి. హీరో పేరు డేవ్ స్టోలర్. డేవ్ అన్నది బ్లేజ్ నుంచి, స్టోలర్ అన్నది ఆనాటి జట్టు మేనేజర్ బాబ్ స్టోలర్ నుంచి. సినిమా డేవ్ ఇంట్లో ఇటాలియన్ మాట్లాడతాడు, పిల్లికి ఫెల్లిని అని పేరు పెడతాడు. ఒకప్పుడు రాయి కోసి ఇప్పుడు పాత కార్లమ్ముకునే తండ్రికి ఈ వేషాలు చూస్తే ఒళ్లు మండుతుంది. హైవే మీద ఒక పెద్ద లారీ వెనకాల గాలి మరుగున సైకిలు తొక్కుతూ పోతుంటే, లారీ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపి వేళ్లతో వేగం చూపిస్తాడు. నలభై, యాభై, అరవై మైళ్లు. సైకిలు మీద పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ దృశ్యాన్ని వెతుక్కుని మరీ చూస్తారు.

అసలు జరిగినదాన్ని టెసిచ్ ఎక్కడ వంచాడో చూడండి. సినిమాలో గెలిచేది విద్యార్థి సంఘం జట్టు కాదు. యూనివర్సిటీ అధ్యక్షుడు ఈసారి ఊరి కుర్రాళ్లకూ పందెంలో చోటిస్తున్నామని ప్రకటిస్తాడు. ఆ పాత్రలో కనిపించింది అప్పటి నిజమైన అధ్యక్షుడు జాన్ రయాన్. 'కట్టర్స్', అంటే రాయి కోసేవాళ్లు, అని పేరు పెట్టుకుని నలుగురు ఊరి కుర్రాళ్లు ట్రాక్ ఎక్కుతారు. దెబ్బ తగిలిన డేవ్ పాదాలను పెడళ్లకు టేపుతో చుట్టి కట్టేస్తారు. నిజంలో ఆ పందెం విద్యార్థులకే. ఊరి కుర్రాళ్లకు గ్యాలరీ టిక్కెట్టు దొరుకుతుంది, అంతే. బ్లేజ్ గెలుపును టెసిచ్ పట్టుకెళ్లి గేటు బయటివాళ్ల చేతిలో పెట్టాడు.

ఆ స్క్రిప్టుకు ఆస్కార్ వచ్చింది.

షూటింగ్ సమయంలో ఇంకో తమాషా. ఆ గెలుపును నిజంగా తొక్కి తెచ్చినవాడు అప్పటికి ఇండియానాపొలిస్‌లో జీవశాస్త్రం చెప్పే మాస్టారు. సినిమాలో అతనికీ ఒక వేషం ఇచ్చారు, పందెం వ్యాఖ్యాతగా. ట్రాక్ మీద డెన్నిస్ క్రిస్టఫర్ అనే నటుడు చెమటోడుస్తుంటే, డేవ్ బ్లేజ్ మైకు ముందు కూర్చుని పందెం సంగతులు చెప్పాడు. ఈసారి గీత అవతల ఉండే వంతు అతనిది.

ఈ కథ గాలి మన దాకా కూడా వీచింది. 1992లో వచ్చిన ఆమిర్ ఖాన్ సినిమా 'జో జీతా వోహీ సికందర్'లో డెహ్రాడూన్ కాలేజీల సైకిలు పందెం, డబ్బున్న కాలేజీకీ ఊరి పిల్లల కాలేజీకీ మధ్య పోటీ చూసినవాళ్లు దానికీ 'బ్రేకింగ్ అవే'కీ పోలికలు చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ హిందీ కథే 1999లో పవన్ కల్యాణ్ 'తమ్ముడు'కు ఆధారమైంది. అక్కడికి వచ్చేసరికి సైకిలు పోయి కిక్ బాక్సింగ్ వచ్చింది. నాకైతే అది సబబే అనిపిస్తుంది. మన హీరో నూరో చుట్టులో సైకిలు ఇంకొకడి చేతికిచ్చి పక్కన నిలబడితే, హాల్లో ఈలలు ఎవరు వేస్తారు?

బ్లూమింగ్టన్‌లో మాత్రం సినిమా నిజాన్ని లాక్కెళ్లింది. 1984లో ఏ విద్యార్థి సంఘానికీ చెందని కుర్రాళ్లు కలిసి 'కట్టర్స్' పేరుతో నిజంగానే జట్టు కట్టారు. లేని జట్టు పేరు పెట్టుకున్న ఆ జట్టే ఈ పందెం చరిత్రలో అందరికన్నా ఎక్కువసార్లు గెలిచింది. పదో వీధి స్టేడియాన్ని కూల్చేసినా, 1981లో తెరిచిన బిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్టేడియంలో బొగ్గు చిట్టెం ట్రాక్ అలాగే కొనసాగింది.

ఇక కిటికీల్లో ఉన్నవాళ్ల మాట. ఏళ్ల తరబడి అమ్మాయిలకు విడిగా ఒక పందెం ఉండేది. 'మినీ 500' అనేవారు. అందులో వాళ్లు తొక్కింది చిన్నపిల్లల మూడు చక్రాల సైకిళ్లు. పెద్ద చదువులు చదివే ఆడపిల్లలు, మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని, నవ్వుల మధ్య తొక్కేవారు. సరదాగానే ఉండి ఉంటుంది. కానీ సరదా ఎవరికన్నది వేరే సంగతి.

1987లో కప్పా ఆల్ఫా తీటా అనే అమ్మాయిల సంఘం జట్టు మగవాళ్ల పందేనికే పేరిచ్చి అర్హత పోటీకి దిగింది. అర్హత పోటీ అంటే నాలుగు చుట్లు. మనిషికి ఒకటి, మధ్యలో మూడు మార్పిళ్లు. ఆ మూడు మార్పిళ్ల కోసం నెలల తరబడి మోచేతులు, మోకాళ్లు చెక్కుకోవాలి. వాళ్లకు అర్హత దక్కలేదు. అయినా వాళ్లు ట్రాక్ మీద అడుగు పెట్టారన్నది చిన్న విషయం కాలేదు. మరుసటి ఏడాదే, 1988లో, ఆడవాళ్లకు వేరుగా లిటిల్ 500 మొదలైంది. 100 చుట్లు, 25 మైళ్లు. రెండు చక్రాల మీద, అదే బొగ్గు చిట్టెం మీద. మొదటి ఏడాది గెలిచింది విల్కీ హాస్టలు అమ్మాయిల జట్టు 'విల్కీ స్ప్రింట్'. ఇప్పుడు ఆ వారాంతంలో శనివారం మగవాళ్ల పందెం. శుక్రవారం ముందుగా ట్రాక్ ఎక్కేది ఆడవాళ్లు.