లోటాలో నీళ్ళు

లండన్ ఛేరింగ్ క్రాస్ స్టేషన్ కింద, భూగర్భ నడవాలో, డావెన్‌పోర్ట్స్ అనే మేజిక్ దుకాణం ఉండేది. 2018లో ఆఫీసు పని మీద వెళ్ళినప్పుడు, ట్యూబ్ దిగి దారి తప్పి దాని ముందు తేలాను. గాజు అలమరాల్లో పేకలు, ఉక్కు రింగులు, పట్టు రుమాళ్ళు. వాటి మధ్య ఓ ఇత్తడి చెంబు. చీటీ మీద పేరు చూసి నవ్వొచ్చింది: 'లోటా'. హైదరాబాదులో మా ఇంట్లో ఇప్పటికీ ఆ మాటే వాడతాం.

కౌంటర్ వెనకున్నాయన చెంబు వంచి నీళ్ళన్నీ ఒంపేశాడు. ఏదో కబుర్లు చెప్పి మళ్ళీ వంచాడు. మళ్ళీ నీళ్ళు. ఇలా నాలుగైదు సార్లు. ఎలాగో మాత్రం డబ్బు కట్టాకే చెప్తారు. ఈ దుకాణాల ఆనవాయితీ అది: చూడ్డం ఉచితం, రహస్యానికే ధర, తెలిశాక వాపసు లేదు. కట్టాను. చెంబుకి లోపల రెండో గోడ ఉంది, అంచు దగ్గర సన్న రంధ్రం ఉంది. బొటనవేలితో రంధ్రం మూస్తే రెండు గోడల మధ్య దాగిన నీళ్ళు కదలవు. వేలు తీస్తే గాలి దూరి, ఆ నీళ్ళు అడుగునుంచి లోపలికి చేరతాయి. ఇంతేనా అనిపించింది. మా వృత్తిలో డెమోకీ కోడ్‌కీ మధ్య దూరం కూడా దాదాపు ఇంతే.

కానీ ఆ పేరు వదల్లేదు. మన చెంబు పేరు ఈ అలమరాలోకి ఎలా వచ్చిందా అని చదవడం మొదలుపెట్టాను.

లూయిస్ డావెన్‌పోర్ట్ ఈ వ్యాపారం మొదలుపెట్టింది 1898లో. అప్పటికే లండన్ వేదికల మీద ఇండియా పేరుకి మంచి గిరాకీ. దానికి మూలం చాలా వెనక ఉంది. 19వ శతాబ్దం మొదట్లో 'ఇండియన్ జగ్లర్స్' పేరుతో కొందరు గారడీవాళ్ళు లండన్‌లో ప్రదర్శనలిచ్చారు. వాళ్ళలో బాగా పేరొచ్చినవాడు 'రామో సామీ'. ఆ ఇంగ్లీషు స్పెల్లింగ్ వెనక నుంచి మన రామస్వామి తొంగిచూస్తాడు. విలియం హాజ్లిట్ 1821 నాటి 'టేబుల్ టాక్'లోని ఒక వ్యాసంలో, నాలుగు ఇత్తడి బంతుల్ని ఏకకాలంలో ఆడించిన జగ్లర్ని వర్ణించాడు. అతను రామో సామీయే అంటారు. ఆ నైపుణ్యం చూసి, తాను ఇంత బాగా చేయగల పని ఒక్కటైనా ఉందా అని హాజ్లిట్ తన రాతనే శంకించుకున్నాడు. కత్తి మింగడం మాత్రం ఆయనకి నచ్చలేదు, పోలీసులు ఆపించాలన్నాడు! ఏమైనా ఒక రచయిత ఒక గారడీవాడి ముందు అలా తలవంచిన సందర్భాలు నాకు ఎక్కువ తెలీదు.

రామో సామీ అక్కడే ఓ ఇంగ్లీషు ఆవిణ్ణి పెళ్ళి చేసుకుని, దశాబ్దాలపాటు ఆడి, 1850లో చనిపోయాడు. అంత్యక్రియలకి డబ్బుల్లేక భార్య చందాలడగాల్సి వచ్చింది.

15 ఏళ్ళ తర్వాత, 1865లో, పికడిల్లీలోని ఈజిప్షియన్ హాల్లో 'కర్నల్' స్టోడేర్ అనే ఇంగ్లీషాయన 'ఇండియన్ బాస్కెట్' ట్రిక్ వేశాడు. ఆయన కర్నలూ కాదు, బుట్ట ఆయనదీ కాదు. బుట్టలో మనిషి, బయట నుంచి కత్తిపోట్లు, తెరిస్తే ఎవరూ ఉండరు. మన వీధుల్లో ఒక గంప, ఒక పిల్లాడితో జరిగే ఆటే, టికెట్టు పెట్టి హాల్లోకి మార్చారు.

తాడు కథ ఇంకా చిత్రం. గాల్లో నిటారుగా నిలబడే ఆ ప్రసిద్ధ 'ఇండియన్ రోప్ ట్రిక్' ఇంతగా పాకడానికి కారణం 1890లో షికాగో ట్రిబ్యూన్ అచ్చేసిన ఓ కట్టుకథ. కల్పన అని తర్వాత పత్రికే ఒప్పుకుంది. ఎవరు వింటారు? 1934లో లండన్ మేజిక్ సర్కిల్ వాళ్ళు, అది చేసి చూపిస్తే 500 గినీలిస్తామన్నారు. ఎవరికీ దక్కలేదు. లేని తాడుకి 500 గినీలు కట్టిన ఊళ్ళోనే, ఉన్న రామస్వామికి పాడె ఖర్చు పుట్టలేదు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఆ తర్వాత ఏ ఊరెళ్ళినా మేజిక్ దుకాణం వెతకడం అలవాటైంది. బార్సిలోనాలో 1881 నాటి 'ఎల్ రేయ్ దె లా మాజియా' గోడల మీది ఫోటోల్లో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని చాలాసేపు చూశాను. పారిస్‌లో, మరే వీధుల్లోని మేజిక్ మ్యూజియం చూస్తూ రాబేర్ ఊదాన్‌ని తలుచుకున్నాను. గడియారాలు చేసే ఊదాన్, సూటూబూటూ మేజిక్‌కి పితామహుడు. 1856లో ఫ్రెంచి ప్రభుత్వం ఆయన్ని అల్జీరియాకి పంపింది. అక్కడి మరాబూత్‌ల మహిమల కన్నా ఫ్రెంచివాడి మహిమ గొప్పదని చూపించడానికి! పెట్టె కింద వేదికలో విద్యుదయస్కాంతం పెట్టి, బలశాలి చేత కూడా ఎత్తనివ్వలేదు. తూర్పువాడు చేస్తే మూఢనమ్మకం, పడమటివాడు చేస్తే విజ్ఞానం. రెంటికీ తెలుగులో ఒకే మాట ఉంది, కనికట్టు. కట్టింది చూసేవాడి కళ్ళనేనని అందులోనే ఒప్పుకున్నాం.

ఛేరింగ్ క్రాస్‌లో ఆ దుకాణం ఇప్పుడు లేదు, 2020లో నార్ఫోక్‌కి తరలిపోయింది. నా చెంబు మాత్రం ఇంట్లో ఉంది. మొన్న అమ్మ దాన్ని చింతపండుతో తోమి, పూజ గదిలో పెట్టడానికి బోర్లించింది. కాసేపటికి వంటింట్లోంచి కేకేసింది:

"ఏంట్రా ఇది, ఎన్నిసార్లు ఒంపినా నీళ్ళు పోవట్లేదు?"